బర్జీల్

బర్జీల్ అనేది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ తీరప్రాంతపు పాత ఇళ్లపై, కరెంటు అవసరం లేకుండా గదిని చల్లబరిచేందుకు కట్టిన గాలిగోపురం. దీని మూలం ఇరాన్. 19వ శతాబ్దం చివర దక్షిణ ఇరాన్‌లోని బస్తక్ నుంచి దుబాయ్ వచ్చి స్థిరపడిన వర్తకులు క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున కట్టిన బస్తకియా పేట (నేటి అల్ ఫహీదీ) వీటికి ప్రసిద్ధి.

గోపురం సాధారణంగా చతురస్రాకారంలో, నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. లోపల మూల నుంచి మూలకు అడ్డంగా దాటే రెండు గోడలు దాన్ని నాలుగు గొట్టాలుగా చీలుస్తాయి. గాలి వీచే వైపు గొట్టం దాన్ని పట్టి కిందికి, కూర్చునేవారి ఎత్తుకు దింపుతుంది. ఎదుటి గొట్టం గదిలోని వేడిగాలిని పైకి లాగేస్తుంది. గోడలకు పగడపు రాయి, జిప్సం వాడేవారు. గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన కర్రలు కట్టడానికి బలాన్నిచ్చేవి, మరమ్మతుకు ఎక్కేవారికి ఊతమయ్యేవి. తాటాకుల ఇళ్లపై గుడ్డతో కట్టిన బర్జీళ్లూ ఉండేవి.

బర్జీల్ గాలిని కదుపుతుంది, ఏసీలా దాని వేడిని తీసివేయదు. ఆగస్టులో రాత్రి కూడా 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరుండే దుబాయ్‌లో ఇది పెద్ద పరిమితే. 1960ల తర్వాత కరెంటు, ఏసీలు వ్యాపించడంతో బర్జీళ్ల నిర్మాణం తగ్గిపోయింది. షార్జాలోని మజ్లిస్ అల్ మిద్ఫా గోపురం గుండ్రటిది, అరుదైనది. అబుదాబిలోని మస్దర్ సిటీలో 45 మీటర్ల ఆధునిక గాలిగోపురం ఉంది.