నర్సు పట్టా, నర్సు లైసెన్సు

నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలోనో, ఉప్పల్‌లోని ప్రైవేటు నర్సింగ్‌హోములోనో పనిచేసే బి.ఎస్సీ. నర్సు వృత్తి లైసెన్సు కోసం డిగ్రీ తరువాత మరో పరీక్ష రాయనక్కరలేదు. రాష్ట్ర నర్సింగ్ మండలిలో పేరు నమోదైతే చాలు. ఆమే అమెరికా వెళ్లాలంటే ఎన్‌క్లెక్స్ ఉత్తీర్ణత తప్పదు. ఈ తేడా చరిత్రలో ఎలా ఏర్పడిందో గమనించండి.

నర్సులకు చట్టబద్ధమైన రిజిస్టరు ఉండాలన్న వాదం 19వ శతాబ్దం చివర బ్రిటన్‌లో బలపడింది. దాన్ని వ్యతిరేకించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఫ్లారెన్స్ నైటింగేల్! నర్సుకు కావలసిన శీలాన్ని పరీక్ష కొలవలేదని ఆమె వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే శిక్షణ పొందినవారెవరో, పొందనివారెవరో రోగికి తెలిసేదెలా? 1901లో న్యూజీలాండ్, 1919లో బ్రిటన్ రిజిస్ట్రేషన్ చట్టాలు చేశాయి. 1926లో మద్రాసు రాష్ట్రం చేసిన చట్టం కిందికి ఆంధ్ర జిల్లాలు వచ్చాయి. 1947 చట్టం భారత నర్సింగ్ మండలికి ఆధారమైంది. మన విధానంలో విశ్వవిద్యాలయ పరీక్షే నమోదుకు ప్రాతిపదిక.

అమెరికాలో పట్టా కళాశాలది, లైసెన్సు రాష్ట్ర బోర్డుది. 1944లో మొదలైన ఉమ్మడి పరీక్ష 1982లో ఎన్‌క్లెక్స్ అయింది. 1994 నుంచి కంప్యూటరు మీద జరుగుతోంది. హైదరాబాదులోనూ కేంద్రం ఉంది.

మన వార్షిక పరీక్షల్లో పాఠం వివరించి రాస్తాం. ఇక్కడ నలుగురు రోగుల్లో ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చాలి. అందుకే తరగతిలో ప్రథమంగా నిలిచినవారూ తడబడవచ్చు. సరైన జవాబిస్తే తరువాతి ప్రశ్న కఠినమవుతుంది. కాబట్టి ప్రశ్నలు కఠినంగా వస్తున్నాయని బెదరనక్కరలేదు.