నూలు ఎక్కడిది? – చీరాల సీమలో సృష్టివాదాలు

బృహదారణ్యకోపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్యుని అడిగిన ప్రశ్న మగ్గం భాషలో ఉన్నది. ఈ జగత్తంతా దేనియందు ఓతప్రోతమై, అనగా పడుగుపేకలుగా అల్లుకొని ఉన్నదని ఆమె జిజ్ఞాస. మగ్గాల సీమయైన చీరాలలో ఈ ఉపమానానికి వ్యాఖ్యానం అక్కరలేదు. ఇక్కడి నేతవారిలో దేవాంగులు, తమ మూలపురుషుడైన దేవల మహర్షి విష్ణువు నాభికమలపు తూడు నుండి నూలు గ్రహించి దేవతలకు వస్త్రాలు నేసినాడని చెప్పుకొంటారు. కథ చిన్నదే గాని, అందులో ఒక వేదాంత నిర్ణయం ఇమిడి ఉన్నది. నూలు భగవంతునికి అన్యమైన చోటు నుండి రాలేదు.

ముండకోపనిషత్తు సాలెపురుగు దృష్టాంతంతో బోధించినది ఇదే. నేయువాడూ, నూలూ ఒక్కటే. శాస్త్రభాషలో, బ్రహ్మమే జగత్తునకు నిమిత్తకారణము, ఉపాదానకారణము కూడా. రామానుజ సిద్ధాంతంలో చేతనాచేతన ప్రపంచం పరమాత్మకు శరీరం. ప్రళయంలో సూక్ష్మంగా ఉన్నది సృష్టిలో స్థూలమవుతుంది. నైయాయికులు దీనిని అంగీకరించలేదు. వారి ఈశ్వరుడు నిజంగా నేతగానివంటివాడే. పరమాణువులనే నూలు అనాదిగా సిద్ధంగా ఉండగా దానిని కూర్చినవాడు.

చీరాలకు ఈశాన్యాన, రేపల్లె చేరువలోని భట్టిప్రోలులో మరొక సమాధానం భూగర్భంలో నిలిచింది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని త్రవ్వించగా ధాతుకరండాలు, వాటిపై క్రీస్తుపూర్వపు బ్రాహ్మీ లిపి శాసనాలు బయటపడినవి. వాటిలో కుబీరక రాజు పేరు, దాతల పేర్లు, గోష్ఠుల పేర్లు ఉన్నవి. ఆ దాతలు ఆరాధించిన బుద్ధుడు లోకం శాశ్వతమా కాదా అన్న ప్రశ్నకు ఉత్తరమే ఇవ్వలేదు. దీఘనికాయంలోని బ్రహ్మజాలసుత్తం మరింత సాహసించింది. కల్పాదిలో అందరికంటె ముందు పుట్టిన బ్రహ్మ, తరువాత పుట్టినవారిని చూచి తానే సృష్టికర్తనని భ్రమించినాడట! ఇక్కడ వస్త్రం ఉన్నది, పడుగుపేకల పరస్పరాశ్రయం ఉన్నది; నేతగాడు మాత్రం లేడు.

దీనిని నాస్తికమని త్రోసివేయుట సులభం. అయితే వేదప్రామాణ్యానికి కంచుకోట వంటి పూర్వమీమాంసలోనే కుమారిలభట్టు సృష్టికర్తను నిరాకరించినాడు. ప్రపంచం ఎన్నడూ ఇట్లే ఉన్నదనీ, వేదానికి కర్త అక్కరలేనట్లే జగత్తుకూ అక్కరలేదనీ ఆయన వాదం. నిత్యాగ్నిహోత్రులు ఈ శాస్త్రాన్నే శ్రద్ధగా అధ్యయనం చేసినారు. కర్తృవాదానికి బౌద్ధుల నుండే గాక ఈ వైదికుల నుండి కూడా ఆక్షేపణ ఉన్నందుననే, ఈశ్వరసిద్ధికై ఉదయనాచార్యుల న్యాయకుసుమాంజలి అంత శ్రమపడవలసి వచ్చింది.

1866 నుండి ఒంగోలు కేంద్రంగా జాన్ క్లౌ సాగించిన అమెరికన్ బాప్టిస్టు ప్రచారంతో ఈ తీరానికి నాల్గవ సమాధానం బలంగా చేరింది. నూలు లేకుండానే వస్త్రం! దేవుడు శూన్యం నుండి సృజించినాడన్న సిద్ధాంతం క్రైస్తవంలో క్రీ.శ. 2వ శతాబ్దిలో, అంతియొకయ థియోఫిలస్ వంటివారి రచనలలో స్పష్టరూపం దాల్చింది. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు అసత్తు నుండి సత్తు ఎట్లు పుట్టునని నిలదీసినది సరిగ్గా ఈ స్థానాన్నే. ఇస్లాంలోనూ అల్లాహ్ ఆజ్ఞ ఒక్కటే చాలును. జగత్తు అనాది అన్న ఇబ్న్ సీనా వంటి తత్త్వవేత్తలను 11వ శతాబ్ది చివర గజాలీ ఖండించగా, తరువాతి శతాబ్దిలో ఇబ్న్ రుష్ద్ ఆ ఖండనను ఖండించినాడు. మన ఉదయనుని వాదప్రతివాదాలు ఎరిగినవారికి ఈ వివాదం ఎంతో పరిచితంగా తోస్తుంది.

బైబిలు అనువాదకులు హీబ్రూ ‘బారా’ అను క్రియకు తెలుగులో ‘సృజించు’ అను పదాన్ని ఎన్నుకొన్నారు. బారాకు హీబ్రూ బైబిలులో దేవుడే కర్త. మానవుడు చేయు పనికి అది వాడబడదు. సంస్కృత ‘సృజ్’ ధాతువునకు విడుచుట, వెలువరించుట అని మూలార్థం. సాలెపురుగు తంతువును వదలుట ఆ ధాతువుతోనే చెప్పబడింది. నేడు చీరాల చర్చిలోనూ, బాపట్ల భావనారాయణస్వామి సన్నిధిలోనూ వినిపించేది ‘సృష్టి’ అన్న ఒకే మాట. ఒకచోట దాని వెనుక ఏమీ లేదు. మరొకచోట స్వామి నాభి నుండి నూలు ఇంకా సాగుతూనే ఉన్నది.