అరుగు నెక్కని పిల్లలు

మన పూర్వుల బడికి వీధిబడి యని పేరు. దానికి ప్రత్యేకముగా కట్టడ మక్కఱలేదు. కలవారి యింటి యరుగో, గుడి మంటపమో, చెట్టునీడయో చాలును. వీధిలోని బడి గనుక ఆ వీధిని నడచు పిల్లలకెల్ల నందుబాటులోనే యుండెనని మనము తలపోయుదుము. బళ్ళారి కలెక్టరు నివేదికను చదువువఱకు నేనును అట్లే తలచితిని.

1822 జూను 25వ తేదీని మద్రాసు గవర్నరగు సర్ తామస్ మన్రో, ప్రతి జిల్లాలోను బడులెన్ని, చదువరులెందఱు, వా రే కులమువారని విచారించి తెలుపుడని కలెక్టర్లకు వ్రాయించెను. వచ్చిన ప్రత్యుత్తరములలో మిక్కిలి సరసమైనది 1823 ఆగష్టు 17వ తేదీని బళ్ళారినుండి ఎ. డి. కాంబెల్ పంపినది. 1816లో తెలుగునకు ఇంగ్లీషున వ్యాకరణము రచించిన దొర యితడు. కావున అంకెలు కూడి ఊరకొనక బడిలోనికి తొంగిచూచెను.

వేకువనే మొట్టమొదట వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవాడు మొదలుకొని, వచ్చిన వరుస ననుసరించి దెబ్బలు పెరుగుచుండును. సోమరికి గుంజిళ్ళు, మఱియు చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయు కోదండము. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, పెద్దవాడు చిన్నవానికి నేర్పుట అను పద్ధతిని మాత్రము కాంబెల్ మెచ్చి, ఇంగ్లండువా రనుకరించుటకు తగినదే యనెను. కాని పిల్లలు వల్లించు పద్యముల భాష వారు మాటలాడు భాష గాదనియు, అర్థ మెఱుగక చిలుకలవలె పలుకుచున్నారనియు నాక్షేపించెను. గ్రాంథికమున నీ వ్యాసము వ్రాయుచున్న నాకు ఆ మాటకు నవ్వు నధికారము లేదు.

ఇక లెక్కలు. నాటి బళ్ళారి జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533, వానిలో కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226. చదువువారు 6,641 మంది. అనగా ఇంచుమించు పది లక్షల జనములో ఏడువేలమందియైనను బడిలో లేరు. హిందూ బాలురు 6,338 మందిలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998. మిగిలిన 1,174 మందిని 'ఇతర కులములు' అను ఒక్క గడిలో త్రోసివేసిరి. మాలమాదిగల పిల్లలు ఆ గడిలో నుండిరో, ఊరివెలుపలనే నిలిచిరో ఆ గడి చెప్పదు. అడిగిన దొరలకును చెప్పిన కరణములకును అది వేఱుగా నెఱుగదగిన సంగతిగా తోచినట్లు లేదు.

మహమ్మదీయులు 243 మంది, అందఱును మగపిల్లలే. జిల్లా మొత్తమునకు బడికి పోవు బాలికలు అఱువదిమంది. వీరిలో బ్రాహ్మణ వైశ్య కన్యలు మువ్వురే! ఉన్నతమనుకొన్న యిండ్లలోనే యాడపిల్లకు తలుపు మఱింత బిగియించిరన్నమాట. చదువు దేవాలయ నర్తకులకు దగినదనియు, అందుచేతనే సంసారులకు దగనిదనియు నాటి లోకాభిప్రాయము. అక్షరమున కంటిన యీ నింద బెత్తముకంటెను కోదండముకంటెను బలవత్తరమైనది.

అయినను కాంబెల్ తన నివేదికలో నెక్కువగా నొక్కి చెప్పినది కులమును గాని స్త్రీత్వమును గాని గాదు, దారిద్ర్యమును. సీమబట్టలు వచ్చి మన నేతగాండ్ర జీవనము కుంటుపడెననియు, మధ్యతరగతివారును పేదలును పిల్లల చదువునకు వ్యయము చేయలేక, ఆ లేత చేతులు చిన్నపని కక్కఱకు వచ్చిన తోడనే పనిలో పెట్టుచున్నారనియు, పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో ఇప్పుడవి లేవనియు, కంపెనీ కొలువులో నుండియే వ్రాసెను. ఆ ధైర్యమునకు నాకు వానిపై గౌరవము.

1826 మార్చి 10వ తేదీని మన్రో జిల్లాల లెక్కలన్నియు కూర్చి, మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తమున 12,498 బడులున్నవని తేల్చి, తాలూకాకొక బడి పెట్టి ఉపాధ్యాయునకు నెలకు తొమ్మిది రూపాయలీయవలెనని ప్రతిపాదించెను. మఱుసటి యేడు జూలైలో బళ్ళారి చేరిన దత్తమండలములలోనే, పత్తికొండకడ, విషూచితో మరణించెను. ఆ తొమ్మిది రూపాయలు అయ్యవారి జీతము. మగ్గము ప్రక్క కూర్చుండి కండెలు చుట్టు కుఱ్ఱవాడు లేచి బడికి పోయినచో ఆ యింటికి తఱుగు కూలి ఆ లెక్కలో చేరలేదు.