వద్దన్న పట్టా

ఫిలాసఫీలో ఎం.ఏ. చేస్తానంటే మా ఇంట్లో అడిగింది ఒక్కటే: "అది చదివి ఏం చేస్తావే?" సాహిత్యంలో చేరాను. డాక్టరేటూ వచ్చింది. అందుకేనేమో మేరీ విటన్ కాల్కిన్స్ నన్ను వదలదు.

వెల్లెస్లీ కాలేజీలో పాఠాలు చెప్పే ఆమె 1890లో హార్వర్డ్‌లో విలియం జేమ్స్, జొసాయా రాయిస్‌ల తరగతులకు వెళ్లింది. విద్యార్థినిగా కాదు, అతిథిగా! (అప్పుడక్కడ మనస్తత్వశాస్త్రం కూడా తత్వశాస్త్ర విభాగంలోనే ఉండేది.) 1895లో ఆచార్యులు పరీక్షించి, డాక్టరేట్‌కు అర్హురాలని ఏకగ్రీవంగా తేల్చారు. స్త్రీ కనక హార్వర్డ్ ఇవ్వలేదు. 1902లో, ఆడవాళ్ల కోసం పెట్టిన రాడ్‌క్లిఫ్ కాలేజీ పేరు మీద పట్టా ఇస్తామన్నారు. వద్దంది. తను చదివింది హార్వర్డ్‌లో కదా!

పట్టా లేకుండానే 1918లో అమెరికన్ ఫిలసాఫికల్ అసోసియేషన్‌కి తొలి మహిళా అధ్యక్షురాలైంది.

నేనైతే 1902లోనే సంతకం పెట్టి తెచ్చేసుకునేదాన్ని.