సర్కారు ల్యాప్‌టాప్, యూడెవ్, కరెంటు కోత

2011 నుంచి తమిళనాడు సర్కారు పిల్లలకిచ్చిన ఉచిత ల్యాప్‌టాప్‌లు హోసూరు, కృష్ణగిరిలో మన తెలుగు ఇళ్లకూ వచ్చాయి. విండోస్ పక్కనే బాస్ లినక్స్ ఉండేది. సీడాక్ వాళ్లు డెబియన్ ఆధారంగా చేసింది. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడలేదు, అది వేరే బాధ!

లినక్స్‌లో పెన్‌డ్రైవ్ గుచ్చగానే దాని సంగతి చూసేది యూడెవ్. అంతకుముందు ఆ పని డెవ్‌ఎఫ్‌ఎస్‌ది. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ యూడెవ్ తెచ్చినా పాతదాన్ని వెంటనే పీకేయలేదు. 2006లో 2.6.18 కెర్నెల్‌తోగానీ అది పూర్తిగా పోలేదు.

2012 ఏప్రిల్‌లో యూడెవ్ సిస్టమ్‌డీలో కలిసింది. అది గిట్టని జెంటూ వాళ్లు కొందరు డిసెంబరులో ఈయూడెవ్ పేరుతో వేరు కాపురం పెట్టారు. చిక్కేమిటంటే రెండింటి ఫైళ్లూ ఒకే చోట కూర్చుంటాయి. పాతది తీస్తేనే కొత్తది ఎక్కుతుంది.

తీసినంత మాత్రాన నడుస్తున్న మెషీన్ ఆగదు, పాత యూడెవ్ మెమరీలో పనిచేస్తూనే ఉంటుంది. ఆ సందులో మెషీన్ ఆగి మళ్లీ మొదలైతేనే ప్రమాదం: కీబోర్డు, నెట్‌వర్క్ పలకకపోవచ్చు. 2012లో మన కరెంటు కోతలు గుర్తున్నాయిగా! పైగా జెంటూలో ప్యాకేజీని సాధారణంగా సోర్సు నుంచి కంపైల్ చేస్తారు. కాబట్టి కొత్తదాన్ని ముందే దించి, కట్టి సిద్ధంగా పెట్టుకోవాలి. పాతది తీసిన మరుక్షణం ఎక్కించి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారుచేశాకే రీబూట్. రెస్క్యూ పెన్‌డ్రైవ్ పక్కనే ఉండాలి.

2021లో జెంటూయే ఈయూడెవ్‌ను వదిలేస్తున్నట్టు చెప్పింది. దాన్ని వాడుతున్నవాళ్లను మళ్లీ యూడెవ్‌కు మారమంది, అదే జాగ్రత్తతో, ఈసారి వెనక్కి.