కాయ తొలిచి కూరటం మనకు కొత్తేం కాదు

పెళ్ళిళ్ళ కాలం గదా, ఈసారి ఎరువులు, పురుగుమందుల మాట పక్కనపెట్టి విందు పళ్ళెం గురించి రాస్తున్నా. కాస్త పొడుగ్గానే ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

ఈ మధ్య మన పల్లెల్లో కూడా నిశ్చితార్థమైనా, ఓణీల ఫంక్షన్ అయినా భోజనానికి ముందు స్టార్టర్స్ అని పెడుతుండారు. అందులో పండ్ల పళ్ళెం ఒకటి. ఆపిల్ ముక్కను తొలిచి లోపల ఏదో తెల్లగా నింపి, ద్రాక్షపండుకు చీజు గుచ్చి, పైన ఒక పుదీనా ఆకు పెట్టి తెస్తారు. పిల్లోళ్ళు అది ఫారిన్ వంట అంటారు. మనం కూడా తలూపి ఊరుకుంటాం. ఆ ఫంక్షన్ చేసే ఆసామి దొడ్లోనే జామకాయలు రాలిపడి ఉంటాయి. అవి పళ్ళెంలోకి పనికిరావని ఎవరు చెప్పారో తెలియదు, అందరం నమ్మేశాం.

నేను చెప్పేదేందంటే, కాయను చీల్చి లోపల తీపో కారమో కూరి అతిథికి పెట్టే పని మన వంటింటికి కొత్త కాదు. ఆ కూరే కాయల్లోనే చాలా భాగం సముద్రం దాటి వచ్చాయి. మన ఆడవాళ్ళు ఆ కొత్త కాయల్ని పాత పద్ధతిలో కూరి మనవి చేసేశారు.

ముందు ఒక మాట. వంకాయ, మిరపకాయ, టమాటా కూరగాయలు గదా, పండ్లెట్టా అవుతాయని అడగొచ్చు. పువ్వు పిందె కట్టి, లోపల గింజ ఉండేదంతా చెట్టు లెక్కలో పండే. మన భాషలో అసలు ఈ తగువే లేదు. పచ్చిగా ఉంటే కాయ, మాగితే పండు.

వంకాయతో మొదలుపెడదాం. అమెరికా నుంచి వచ్చిన కాయలు మన పొలాల్లోకి దిగకముందు నుంచీ ఇది మన దగ్గర ఉంది. పక్కన కన్నడ దేశంలో 1508లో మూడవ మంగరసు అనే ఆయన సూపశాస్త్రం అని వంటల పుస్తకం రాశాడు. అందులో వంకాయ వంటలకే ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. దాంట్లో ఎండుమిరపకాయ మాత్రం ఉండదు, ఉండే వీలూ లేదు. ఆ రోజుల్లో కారం అంటే మిరియమే. 1514లో కృష్ణదేవరాయలు మన ఉదయగిరి కోట పట్టుకున్నాడు గదా, ఆ సైన్యం తిన్న కూరల్లో కూడా కారం మిరియాలదే అయి ఉంటుంది. ఊహించుకుంటే మనకు నోరు చప్పబడిపోతుంది.

గుత్తివంకాయ చేసేటప్పుడు చూడండి, తొడిమ దగ్గర వదిలి నాలుగు పక్కలా చీలుస్తారు. కాయ విడిపోదు, లోపలికి మసాలా పోతుంది. చిన్న పనిగా కనపడుతుంది గానీ అసలు విద్యంతా అక్కడే ఉంది. ఉప్పులో వేసే నిమ్మకాయకూ అదే కోత. బసవరాజు అప్పారావు గారు గుత్తివంకాయ మీద పాటే రాశారు, నాటకాల మధ్యలో కూడా పాడేవాళ్ళట. తెలుగోడికి అంత ఇష్టం. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయను కేంద్రం ఆపినప్పుడు మన తరఫు రైతులు గట్టిగా మాట్లాడారంటే అందులో విత్తనం భయం ఎంతో, ఈ కాయ మీద మమకారం కూడా అంతే.

కాయ లేకపోయినా కాయ ఆకారం చేసి కూరుకున్నవాళ్ళం మనం. కజ్జికాయ చెట్టుకు కాస్తుందా? పిండితో కాయ చేసి, లోపల కొబ్బరి, బెల్లం నింపి కాయ అని పేరు పెట్టుకున్నాం. కూరటం అనేది మన మనసులో ఎంత గట్టిగా నాటుకోకపోతే ఆ పేరు వస్తుంది చెప్పండి!

ఇక తీపిలోకి రండి. దీనికి ముందు మన నెల్లూరు దగ్గర జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం అడ్డం తగిలింది. తవ్వి చూస్తే చిన్న పాత గుడి, దాని కింద చిన్న కుండ, కుండలో బంగారు నాణేలు. రోమ్ చక్రవర్తులవి, ట్రాజన్, హాడ్రియన్ కాలం నాటివి. అంటే దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటివి. ఆ రైతు పాపం పాత బంగారం కింద అమ్మేశాడు, చాలా నాణేలు కరిగిపోయాయి. మిగిలిన కొన్ని నవాబు ఇంటికి చేరాయి. ఈ సంగతి మద్రాసు గవర్నరుగా చేసిన డేవిడ్‌సన్ ఉత్తరం రాయబట్టి మనకు తెలుస్తా ఉంది.

ఆ రోమ్ వాళ్ళు మన దేశానికి వచ్చింది ముఖ్యంగా మిరియాలకు, ముత్యాలకు, బట్టలకు. మిరియాలు పడమటి తీరం నుంచి పోయేవి. ఆ మిరియాలతో వాళ్ళేం చేసుకున్నారో చూడండి. ఆపీసియస్ పేరుతో ఉన్న రోమన్ వంటల పుస్తకంలో ఖర్జూరాల వంట ఒకటి ఉంది. గింజ తీసి, లోపల పప్పులు గానీ దంచిన మిరియాలు గానీ కూరి, పైన ఉప్పు అద్ది, తేనెలో వేయించాలి. తీపి, ఉప్పు, కారం మూడూ ఒకే కాయలో. 1226లో బాగ్దాదులో రాసిన వంటల పుస్తకంలో కూడా ఖర్జూరం గింజ తీసి బాదంపప్పు పెట్టి తేనెలో ఉడికించే పద్ధతి ఉంది. రంజాన్ నెలలో మన ముస్లిం సోదరుల ఇళ్ళల్లో ఖర్జూరం మధ్యలో పప్పు పెట్టి ఇస్తే తింటాం గదా, ఆ వంట వయసు అంత. కాబట్టి ఖర్జూరం బయటిదే అయినా దాని కడుపులో పడిన మిరియం మన దేశానిది.

అటు మన మిరియం పడమరకు పోయింది, ఇటు మిరప పడమర నుంచి వచ్చింది. కొలంబస్ 1492లో బయలుదేరింది మిరియాల దేశం వెతుక్కుంటూ. దొరికింది మాత్రం అమెరికా, అక్కడి మిరప. 1498లో పోర్చుగీసువాళ్ళు కాలికట్టుకు వచ్చారు, 1510లో గోవా పట్టుకున్నారు. వాళ్ళ ఓడల వెంట మిరప వచ్చింది. జీడిమామిడి, అనాస, జామ, బొప్పాయి, సీతాఫలం, వేరుశనగ, ఇవన్నీ అమెరికా ఖండాల మొక్కలే. మనవాళ్ళు కొత్తదాన్ని చూసి బెదరలేదు. మిరియంలా మండింది కాబట్టి మిరియపు కాయ అన్నారు, అది వాడుకలో మిరపకాయ అయిందంటారు. అరవంలో కూడా అంతే, మిళగు నుంచి మిళగాయ్.

మన తీరం కూడా ఈ ఓడల కథలో పక్కన కూర్చోలేదు. దక్షిణాన ప్రళయకావేరిలో 1610లో డచ్చివాళ్ళు దిగారు. 1626లో ఇంగ్లీషువాళ్ళు మన దుగరాజపట్నంలో కొట్టు పెట్టారు, వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అని పిలిచేవాళ్ళు. మద్రాసు పుట్టకముందే ఇక్కడున్నారు. వాళ్ళకు కావాల్సింది బట్టలు, మన తోటల మీద వాళ్ళకు ధ్యాస లేదు. కాయల్ని మనవి చేసుకుంది మన రైతులు, మన వంటింటి వాళ్ళు. తీరం పొడుగునా ఇసక నేలల్లో జీడిమామిడి ఎట్టా కుదురుకుందో చూడండి, బ్రెజిల్ నుంచి వచ్చిన చెట్టంటే ఎవరన్నా నమ్ముతారా?

ఇప్పుడు గుత్తివంకాయలోకి మళ్ళీ చూడండి. కాయ మనది. కూరిన దాంట్లో నువ్వులు, కొబ్బరి మన పాతవి. ఎండుమిర్చి, శనక్కాయలు వలస వచ్చినవి. లోపల కలిసిపోయాక ఏది ఎక్కడిదో నాలుకకు తెలియదు. మిరపకాయ బజ్జీలో అయితే తిరగబడింది: కాయ పరదేశిది, లోపల చింతపండు, వాము, బయట శనగపిండి ముందునుంచీ మన ఇంట్లో ఉన్నవి. మైపాడు బీచికి పోయి బజ్జీ కొరికేటప్పుడు ఎదురుగా ఉన్న సముద్రాన్ని ఒకసారి తలుచుకోండి.

సరే, చరిత్ర చాలు, పళ్ళెంలోకి రండి. మన ఇంట్లో ఫంక్షన్‌కు కష్టం లేకుండా అయ్యేవి చెబుతా.

బజ్జీ మిరపకాయను ఒక పక్కనే గాటు పెట్టాలి, రెండు కొనలూ వదలాలి. లోపలి తెల్లటి ఈనె, గింజలు తీసేయండి. మంటంతా ఆ ఈనెలోనే ఉంటుంది, పిల్లోళ్ళు కూడా తినగలరు. చిక్కటి చింతపండు గుజ్జు, వాము పొడి, ఉప్పు కలిపి లోపల పూసి, శనగపిండిలో ముంచి వేయించాలి. తీసినాక మళ్ళీ చీల్చి సన్నటి ఎర్రగడ్డ ముక్కలు, వేయించిన శనక్కాయలు పెట్టి నిమ్మకాయ పిండితే అయిపాయె. టమాటా బజ్జీ విశాఖ, కాకినాడ వైపు బండ్ల మీద బాగా చేస్తారు. గట్టి కాయను పిండిలో ముంచి వేయించి, కోసి, లోపల బొరుగులు, ఎర్రగడ్డలు, కొత్తిమీర కూరి ఇస్తారు.

తీపికి అరటిపండు. మలబారు ముస్లింలు నేంద్ర అరటిపండును పొడుగునా చీల్చి, కొనలు తెగకుండా, నడిమి నల్ల గింజల పోగు తీసి, కొబ్బరి, చక్కెర, ఏలకులు, జీడిపప్పు నేతిలో వేయించి కూరతారు. చీలికను పిండి పేస్టుతో మూసి దోరగా వేయిస్తారు. మన దగ్గర సగం మాగిన పండుతో, చక్కెర బదులు బెల్లంతో చేసుకోవచ్చు. బాగా మాగింది తీసుకుంటే బాండలిలో చీలిపోతుంది.

పొయ్యి వెలిగించకుండా కావాలంటే జామ. అడ్డంగా కోసి గింజల భాగం తీసి ఆ గుంటలో ముందే ఉడికించి పెట్టుకున్న శనగ గుగ్గిళ్ళు, పచ్చిమిర్చి, ఉప్పు, కొబ్బరి కోరు. ఖర్జూరంలోకి వేయించిన నువ్వులు, శనక్కాయలు, బెల్లం దంచి పెట్టండి. ఒక నాలుగింట్లో రోమ్ వాళ్ళ మాదిరి మిరియాల పొడి వేసి, పైన ఉప్పు అద్ది చూడండి, ఏందబ్బా ఇది అని అడక్కపోతే నన్నడగండి. శనక్కాయలు పడనివాళ్ళు ఉంటారు కాబట్టి వచ్చినవాళ్ళకు ముందే చెప్పి పెట్టాలి.

కోసిన జామ, అరటి, ఆపిల్ నల్లబడకుండా ఆపేది నిమ్మరసం. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు దేశమంతా పోతాయి, కోత కూలి కూడా రాని రోజులూ మనం చూశాం. మన ఇంటి విందుకు మాత్రం పళ్ళెం కట్టేవాళ్ళు పట్నం నుంచి వస్తారు, సీసాలో నిమ్మరసం తెస్తారు. ఈ మధ్య మా చుట్టాల ఇంట్లో ఒక కేటరింగ్ ఆయన పండ్ల పళ్ళెం ఒక్కదానికే వేసిన బిల్లు చూశాను. ఆ డబ్బుతో ఊళ్ళో జామతోట ఉన్నవాళ్ళ దగ్గర ఒక కోత మొత్తం కొనొచ్చు.

మన జిల్లాలో పొదుపు సంఘాలు ఎట్టా పెరిగాయో మీకు చెప్పాల్సిన పని లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగళ్ళు మూయించిన ఊపులోనే పొదుపు కూడా బలపడింది. ఊరికొక సంఘం ఉంది, చేతిలో వంట ఉంది, చుట్టూ కాయలున్నాయి. ఇటువంటి పళ్ళేలు పక్క ఊళ్ళ ఫంక్షన్లకు కట్టి ఇవ్వడానికి ఏం అడ్డం? మీ ఊళ్ళో ఫంక్షన్ అనుకుంటే ముందు వాళ్ళను అడగండి. కాయ మీ తోటలో ఉంటే ధర మాట్లాడుకుని వాళ్ళకే ఇవ్వండి, కాటా దగ్గర దళారికి వదులుకునే దానికంటే నయం.

ఎవరు చేసినా ఒక జాగ్రత్త. పచ్చికొబ్బరి కూరినవి మన ఎండలకు నిలవవు, రాత్రి చేసి పొద్దున పెట్టొద్దు. ఎర్రగడ్డలకు ఉప్పు కలిపితే నీళ్ళు ఊరతాయి, అందుకని బజ్జీలోకి, టమాటాలోకి కూరటం బంతి కూర్చున్నాకే మొదలుపెట్టాలి. ఖర్జూరాలు, వాటిలోకి దంచిన పొడి మాత్రం రెండు రోజుల ముందే చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు.