వినిపించీ వినిపించని గొంతు: ఒక రాక్ ఆల్బం వెనక స్త్రీలు

రాక్ సంగీత చరిత్రలో ఒక పని విభజన ఉంది. గిటార్ పట్టుకున్న మగవాడు సృష్టికర్త, మైకు ముందు నిలబడ్డ స్త్రీ "గొంతు". అతనిది ఆలోచన, ఆమెది స్వరం. ఇంటిపనికీ బయటిపనికీ మధ్య గీసిన గీత లాంటిదే ఇది. అమెరికన్ బృందం మేజీ స్టార్ 1993లో తెచ్చిన 'సో టునైట్ దట్ ఐ మైట్ సీ' ఆల్బం చరిత్ర చదివితే ఆ గీత ఎంత బలమైనదో, ఎక్కడ చెరిగిందో కూడా తెలుస్తుంది.

మత్తునీ కలనీ శబ్దంలోకి తెచ్చే సైకెడెలిక్ రాక్ 1960లలో పుట్టింది. దాని తొలి ముఖ్యమైన పాటల్లో ఒకటైన 'వైట్ ర్యాబిట్' రాసింది గ్రేస్ స్లిక్ అనే స్త్రీ. అదే 1967లో వచ్చిన వెల్వెట్ అండర్‌గ్రౌండ్ మొదటి ఆల్బంలో డ్రమ్స్ వాయించింది మొరీన్ టక్కర్. అదే ఆల్బంలో పాడిన నీకో పేరు మాత్రం శీర్షికలో విడిగా, అతిథి పేరులా కనిపిస్తుంది. ఆమె పాడిన పాటలు లూ రీడ్ రాసినవి. తర్వాతి తరాలకు స్లిక్, టక్కర్‌ల కంటే నీకో నమూనాయే ఎక్కువగా అందింది: అందమైన, నిర్వికారమైన, మరొకరి మాటలు పలికే స్త్రీ.

1980ల మొదట్లో లాస్ ఏంజెలిస్ యువతరం ఈ సంగీతాన్ని మళ్లీ బతికించింది. దానికి 'పైస్లీ అండర్‌గ్రౌండ్' అని పేరొచ్చింది. అందరూ స్త్రీలే ఉన్న బాంగిల్స్ ఇక్కడినుంచే వచ్చారు. డ్రీమ్ సిండికేట్ బృందంలో బేస్ గిటార్ వాయించిన కెండ్రా స్మిత్ కూడా ఇక్కడి మనిషే. ఆమె, రెయిన్ పరేడ్ బృందం వదిలి వచ్చిన డేవిడ్ రోబాక్ కలిసి ఓపల్ బృందాన్ని నడిపారు. 1987లో 'హ్యాపీ నైట్‌మేర్ బేబీ' ఆల్బం వచ్చాక, కచేరీల పర్యటన మధ్యలోనే స్మిత్ తప్పుకుంది. ఆ స్థానంలోకి వచ్చిన అమ్మాయి హోప్ సాండోవల్. ఓపల్ కాస్తా మేజీ స్టార్ అయింది.

సాండోవల్‌ను రోబాక్ "కనుగొన్నాడు" అన్నట్టుగా ఈ కథ చెప్పడం తేలిక. కానీ తూర్పు లాస్ ఏంజెలిస్‌లో, మెక్సికన్ అమెరికన్ కుటుంబంలో పెరిగిన ఆమె అప్పటికే స్నేహితురాలు సిల్వియా గోమెజ్‌తో కలిసి 'గోయింగ్ హోమ్' అనే జంటగా పాడుతోంది. రోబాక్ వాళ్ల పాటలు రికార్డు చేశాడు కూడా. ఆ ఆల్బం విడుదల కాలేదు. ఇద్దరు స్త్రీల ఉమ్మడి కృషి పెట్టెలో ఉండిపోతే, స్త్రీ పురుషుల జంట ప్రపంచానికి తెలిసింది.

1993 ఆల్బంలో పది పాటలున్నాయి. ఆర్థర్ లీ రాసిన ఒక్క పాట తప్ప మిగిలినవన్నీ సాండోవల్, రోబాక్‌లవి. 'ఫేడ్ ఇన్‌టు యూ' 1994లో బిల్‌బోర్డ్ జాబితాలో 44వ స్థానానికి చేరింది. 1995లో ఆల్బంకు అమెరికాలో 10 లక్షల ప్రతుల ప్లాటినం గుర్తింపు దక్కింది. ఇంత పేరొచ్చినా సమీక్షకులు ఆమెకు "నిద్రమత్తు", "అలౌకికం" వంటి విశేషణాలే ఇచ్చారు. నిద్రలో ఉన్న మనిషి రచయిత్రి ఎలా అవుతుంది?

విని చూడండి. 'ఇన్‌టు డస్ట్'లో గిటార్, చెల్లో తప్ప ఆమెకు ఆసరా లేదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎంతసేపు ఆగాలో ఆమె నిర్ణయమే. ఏడు నిమిషాలు దాటే చివరి పాటలో గిటార్ల హోరు మీద ఆమె దాదాపు మాట్లాడుతున్నట్టే పాడుతుంది. ఆ హోరును మించి అరవదు. వినేవాళ్లే చెవులు రిక్కించాలి. వేదిక మీద వెలుతురు బాగా తగ్గించుకుని పాడేది. ఇంటర్వ్యూలంటే అయిష్టం. స్త్రీ శరీరాన్ని అమ్మకపు సరుకు చేసిన మ్యూజిక్ వీడియోల కాలంలో కనబడకుండా ఉండటం చిన్న విషయం కాదు.

ఆ సంవత్సరాల్లోనే రాయట్ గర్ల్ ఉద్యమం నడుస్తోంది. బికినీ కిల్ గాయని కాథ్లీన్ హానా కచేరీల్లో అమ్మాయిలను ముందుకు రమ్మని పిలిచేది. ఆ కేక అవసరం, న్యాయం. అయితే కేకను మాత్రమే ప్రతిఘటనగా లెక్కిస్తే సాండోవల్ వంటివాళ్లు మన చరిత్రలో కూడా జారిపోతారు. "గొంతు విప్పడం" అనే మాటను మనం ఎంతో ప్రేమగా వాడతాం. ఎంత బిగ్గరగా విప్పాలో కొలత మాత్రం ఎవరు పెట్టారని అడగం. అలాగని ప్రతి మౌనమూ ధిక్కారం కాదు. సంగీతం అతనిది, స్వరం ఆమెది అనే పాత లెక్కకు ఈ మౌనం ఉపయోగపడిందనీ ఒప్పుకోవాలి. తర్వాత 2001లో ఆమె తన పేరునే ముందుంచి 'హోప్ సాండోవల్ అండ్ ద వార్మ్ ఇన్వెన్షన్స్' ఆల్బం తేవడాన్ని ఆ లెక్కకు జవాబుగా చదవొచ్చు.

పర్యటన మధ్యలో వెళ్లిపోయిన కెండ్రా స్మిత్ ఉత్తర కాలిఫోర్నియా అడవుల్లో ఉంటూ 1995లో సొంత ఆల్బం తెచ్చింది. దాని పేరు 'ఫైవ్ వేస్ ఆఫ్ డిసప్పియరింగ్', అంటే మాయమవడానికి అయిదు దారులు. చరిత్ర స్త్రీలను మాయం చేస్తుందని మనకు తెలుసు. మాయమవడాన్ని తామే ఎంచుకున్న స్త్రీలు కూడా ఉన్నారు. ఈ రెండింటినీ విడదీసి చదవగలిగిన చరిత్ర రచన ఇంకా మన చేతిలో పనే.